భుజానికి అమరని తుపాకీ

"నేనే చంపానని చెప్పాను కదమ్మా! ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకుంటారు నా చేత?"

ఆ మాట అనేసి కోచ్ తల దించుకున్నాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. పొడుగాటి చేతులు బల్ల మీద పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. ఒక్క రాత్రి లాకప్‌లో పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

బల్లకి ఇవతల కూర్చున్న డిటెక్టివ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు పోలీసు ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పింది. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే. ఆ గౌరవంతోనే ముద్దాయితో మాట్లాడనిచ్చాడు. ఆ గౌరవం ఎంతసేపుంటుందో ఆవిడకి తెలియదు.

కేసు చూస్తే చిన్నదే. నిన్న సాయంత్రం షూటింగ్ రేంజ్ ఓనర్ తన ఆఫీసు గదిలోనే గుండెల్లో తూటా తగిలి పడిపోయాడు. బయట గాల్లోకి మట్టి బిళ్ళలు ఎగరేసి కాల్చే ప్రాక్టీసు జోరుగా సాగుతోంది. అన్ని మోతల్లో ఈ మోత కూడా కలిసిపోయింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. విరామంలో లోపలికి వెళ్ళిన కోచ్ ఎంతకీ తిరిగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళారు. శవం పక్కన కుర్చీలో, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నేనే" అన్నాడు. అంతే. తుపాకీ కూడా ఎవరి సొంతమూ కాదు, శిక్షణకి వచ్చినవాళ్ళకి ఇచ్చే క్లబ్ తుపాకీ. ఆఫీసు గదిలోనే ఉంటుంది.

"ఏ భుజం మీంచి పేల్చారు?" అడిగింది డిటెక్టివ్.

"కుడి."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"ఎదురుగానే. గజం దూరం కూడా లేదు."

"ఎందుకు చంపారు?"

"పాత కక్ష."

"ఏమిటది?"

మిగతా అన్నిటికీ జవాబు నాలిక చివర పెట్టుకున్న మనిషికి దీనికి మాత్రం మాట దొరకలేదు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆ తుపాకీ ఒకసారి తెప్పించు."

"అది కోర్టులో పెట్టే ఎగ్జిబిట్ మేడమ్. ఆటబొమ్మ కాదు."

"వేలిముద్రలు తీసుకున్నారు కదా? ఖాళీ చేసే ఉంచారు కదా? గ్లవ్స్ వేసుకునే ముట్టుకుంటాం. నీకు పోయేదేముంది?"

ఇన్‌స్పెక్టర్ పళ్ళు బిగించాడు. కానీ తెప్పించాడు.

తుపాకీ బల్ల మీదకి రాగానే కోచ్ కుర్చీ వెనక్కి జరిపాడు. పాముని చూసినట్టు చూశాడు దాన్ని.

"లేచి భుజానికి పెట్టుకోండి. నిన్న పెట్టుకున్నట్టే" అంది డిటెక్టివ్.

"వద్దు."

"నిన్న పట్టుకున్నదేగా? ఈవేళ కొత్తేమిటి?"

"నావల్ల కాదు. ఒప్పుకున్నాను కదా, ఇంకా ఈ తతంగాలు దేనికి?"

"పెట్టుకోవయ్యా" కసిరాడు ఇన్‌స్పెక్టర్. "నాకూ చూడాలనే ఉంది."

కోచ్ లేచాడు. తుపాకీ ఎత్తి కుడి భుజం గూట్లో ఆనించాడు. నలభై ఏళ్ళుగా వేలమందికి తుపాకీ పట్టడం నేర్పిన మనిషి, ఆ క్షణంలో దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనివాడిలా వంకరపోయాడు. మోచెయ్యి ముడుచుకుపోయింది. మెడ ముందుకి సాగింది. బొటనవేలు వెళ్ళి ముక్కుకి తగిలింది. చిన్నపిల్లాడి చొక్కాలో పెద్దవాణ్ణి కూరినట్టుంది.

"ఇలా పేల్చి ఉంటే ఈపాటికి మీ ముక్కు పగిలి ఉండాలి" అంది డిటెక్టివ్ మెల్లగా. "తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మీ బొటనవేలే మీ మొహాన్ని గుద్దేది. మీ మొహం మీద గీత కూడా లేదు."

ఆవిడ తుపాకీ అందుకుని వెనక భాగం వైపు తిప్పింది. భుజానికి ఆనే చెక్క భాగాన్ని స్టాక్ అంటారు. దాని చివర, వెనక్కి తన్నే దెబ్బని మింగడానికి నల్లటి రబ్బరు ప్యాడ్ ఉంది. ట్రిగ్గర్ నుంచి ప్యాడ్ దాకా టేపు పెట్టి చూసింది. మామూలు కొలత కన్నా రెండు వేళ్ళ మందం తక్కువ. తర్వాత తుపాకీని కంటి ఎత్తుకి లేపి, గొట్టం వెంబడి వెనక నుంచి చూసింది. స్టాక్ సూటిగా లేదు. సన్నగా, పనిగట్టుకుని చెక్కినట్టు, ఎడమకి ఒరిగి ఉంది.

కళ్ళు దించేలోపే ఆవిడకి తను చేసిన పని అర్థమైంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"కురచ చేతులవాళ్ళది" అన్నాడు ఇన్‌స్పెక్టర్, గోడ దగ్గర నుంచి ముందుకొస్తూ. "ఎడమ భుజం మీద పెట్టుకునేవాళ్ళది. మీ దగ్గర నేర్చుకున్నానుగా మేడమ్, ఆమాత్రం నాకూ కనిపిస్తుంది." కోచ్ వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "మీ మేనకోడలిది ఎడమ చేతివాటం కదూ? పేపర్లో ఫొటో చూశాను. పతకం మెళ్ళో వేసుకుని, తుపాకీ ఎడమ భుజం మీద పెట్టుకుని. పొట్టిపిల్ల."

కోచ్ కూలబడ్డాడు. "బాబూ, దాని జోలికి వెళ్ళకండి. అది చిన్నపిల్ల. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. నేను ఒప్పుకున్నాను కదా, నన్ను ఉరి తీసుకోండి. మీకు కావాల్సింది ఒక మనిషేగా!"

"నాకు కావాల్సింది చంపిన మనిషి" అని బయటికి కేకేశాడు ఇన్‌స్పెక్టర్. ఆ అమ్మాయిని ఇంటికెళ్ళి తీసుకురమ్మని కానిస్టేబుల్‌ని పురమాయించాడు. తర్వాత అక్కడే నిలబడి ఫోన్ తీశాడు.

"ఎవరికి?" అడిగింది డిటెక్టివ్.

"ఓనర్ తమ్ముడికి. రేంజ్‌లో స్టాకులు చెక్కే వర్క్‌షాపు తాళం ఆయన దగ్గరే ఉంటుంది." అవతల ఫోన్ ఎత్తగానే గొంతు మర్యాదగా మారింది. "నమస్తే సార్. ఒక్కసారి వర్క్‌షాపు చూడాలి... అలాగా, వాచ్‌మన్ దగ్గర పెట్టారా, సరే సరే. ఇంకో మాట సార్. ఆ తుపాకీకి ఉన్న స్టాక్ మీ ఛాంపియన్ అమ్మాయిదట. ముసలాయన మేనకోడల్ని కాపాడ్డానికి అబద్ధం ఆడుతున్నట్టున్నాడు. పిల్లని తీసుకొస్తున్నాం... లేదు లేదు, మీరు రానక్కర్లేదు. మీ కష్టంలో మీరున్నారు."

ఫోన్ పెట్టేసేదాకా ఆగి అంది డిటెక్టివ్. "ఇవన్నీ ఫోన్లో ఊదాలా? ట్రైనింగులో ఇదేనా నేను చెప్పింది?"

"చచ్చిపోయింది ఆయన సొంత అన్న, మేడమ్. ఆయనకి తెలుసుకునే హక్కు లేదా? మీరేమో ముద్దాయి తరఫు మనిషి. ఈయన చెల్లెలు కాళ్ళావేళ్ళా పడితే వచ్చారు. అన్నని విడిపించమంటే కూతుర్ని పట్టించారు. ఆవిడకి ఏం చెబుతారో మీరు ఆలోచించుకోండి."

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. ఆవిడ కుర్చీ లాక్కుని కోచ్‌కి దగ్గరగా కూర్చుంది.

"మాస్టారూ, ఇప్పుడిక దాచి లాభం లేదు. ఆ స్టాక్ మీరు చేసిందేనా?"

కోచ్ కళ్ళు తుడుచుకున్నాడు. "నేనే చెక్కాను. మా పిల్ల తుపాకీకి ఉన్నది కంపెనీ స్టాక్, పొడుగెక్కువ. బిళ్ళ మీదకి తిప్పేటప్పుడు చంకలో పట్టుకుంటోంది. మూడు నెలలు పట్టింది నాకు ఇది అమర్చేసరికి. దాని చెంప ఎముక ఎక్కడ ఆనుతుందో, మెడ ఎంత వంచుతుందో, అన్నీ చూసుకుని చెక్కాను."

"మరి క్లబ్ తుపాకీకి ఎలా పట్టింది?"

"రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు. దీనిది దానికి పడుతుంది."

"క్లబ్ తుపాకీకి మీరు బిగించారా?"

"నేనా? నాకేం పని? మొన్న నూనె పట్టించి వర్క్‌షాపు బీరువాలో ఆరబెట్టాను. ప్యాడ్ కూడా అంచులు రుద్ది, కొలతకి తెచ్చి పక్కన పెట్టానంతే. బిగించనేలేదు. దాన్ని పిలిచి, ఒకసారి భుజానికి పెట్టించి చూశాక బిగిద్దామనుకున్నాను."

"అంటే నిన్న గదిలోకి వెళ్ళేసరికి..."

"వాడు కింద పడున్నాడు. పక్కనే తుపాకీ. దానికి నా పిల్ల స్టాక్." తుపాకీ మీంచి చూపు తిప్పేసుకున్నాడు. "పొద్దున అందరి ముందూ వాడి మొహం మీదే అరిచింది. అర్ధరాత్రి ఫోన్లు చేసి పిచ్చి మాటలు మాట్లాడుతున్నాడట, లొంగలేదని టీమ్‌లోంచి పేరు కొట్టేశాడట. ఇంకోసారి చేస్తే చంపేస్తానంది. నాకు అప్పుడే తెలిసింది ఆ సంగతి. సాయంత్రానికి వాడు చచ్చి పడున్నాడు. నేనేమనుకోవాలి చెప్పండి?"

డిటెక్టివ్ తుపాకీ తిప్పి ప్యాడ్ మొహం చూపించింది. "దీన్ని చూసి మీకేమనిపిస్తోంది?"

కోచ్ వంగి చూశాడు. మొదట అతని మొహంలో ఏమీ లేదు. తర్వాత నుదురు ముడిపడింది. ఒక్క క్షణం తను ఎక్కడున్నాడో కూడా మర్చిపోయినట్టున్నాడు.

"ఎవడు బిగించాడు దీన్ని?"

"మీరే చెప్పాలి."

"ప్యాడ్‌కి రెండు స్క్రూలుంటాయమ్మా. అవి బయటికి కనబడకూడదు. రబ్బరు మీద చిన్న గాటు పెట్టి, స్క్రూడ్రైవర్‌కి సబ్బు నీళ్ళు రాసి దించాలి. రబ్బరు దారిచ్చి మళ్ళీ మూసుకుంటుంది. గాటు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇదేమిటి, కుక్క కొరికినట్టు! పొడి స్క్రూడ్రైవర్‌తో పొడిచి పొడిచి చింపేశాడు."

"మీ మేనకోడలికి ఆ సబ్బు నీళ్ళ సంగతి తెలుసా?"

"తెలియకేం? దాని ప్యాడ్లు అదే మార్చుకుంటుంది. నాకన్నా నాజూగ్గా..." మాట మధ్యలో ఆగిపోయాడు. ఆవిడ మొహంలోకి చూశాడు. గొణిగాడు. "అది కాదా? అమ్మా, అది కాదా?"

"మనిషిని చంపిన కంగారులో సబ్బు నీళ్ళు కలుపుకుంటూ కూర్చుంటారా ఎవరైనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చేతులు వణికితే ఎవరి పనైనా అలాగే ఉంటుంది. రబ్బరు చిరుగుతో కోర్టుకి వెళితే జడ్జి నవ్వుతాడు."

"చంపాక బిగించింది అంటున్నావు. చంపాక ఎందుకు బిగించుకుంటుంది?"

"సరే, చంపకముందే. తనకి అలవాటైన స్టాక్ ఉంటే గురి తప్పదని."

"గజం దూరంలో ఉన్నవాడికి గురా?"

డిటెక్టివ్ సంచీలోంచి భూతద్దం తీసి తుపాకీని వెల్లకిలా తిప్పింది. ట్రిగ్గర్ వెనక, ఇనుము ఆగి చెక్క మొదలయ్యే చోట, కంటికి ఆనీ ఆనకుండా గోధుమరంగు మచ్చ. ఎండిన రక్తం. గుండ్రంగా ఉండాల్సింది. లేదు. అర్ధచంద్రంలా ఉంది. ఇనుము చివరిదాకా ఉండి, చెక్క మొదలయ్యే గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

"ఇటు రా" అంది. "ఇది చూడు."

అతను వంగాడు. చాలాసేపు చూశాడు.

"చెక్క మీద తుడిచేసి ఉంటారు" అన్నాడు చివరికి. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"చెక్క మీద సగం చుక్క తుడిచి, ఇనుము మీద సగం నీకోసం అట్టేపెట్టారా? తుడిస్తే మరక సాగుతుంది. ఇది సాగలేదు. మిగతా సగం వేరే చెక్క మీద పడింది. తూటా పేలినప్పుడు ఈ తుపాకీకి ఈ స్టాక్ లేదు."

"ఆ వేరే చెక్క దొరకాలి కదా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, టోపీ అందుకుంటూ.

*

ఇద్దరూ జీపులో బయల్దేరారు. రేంజ్ గేటు దగ్గర వాచ్‌మన్ తాళం చేతికిచ్చి, ఏదో అంటువ్యాధి ఉన్న చోటు నుంచి తప్పుకున్నట్టు పక్కకి తప్పుకున్నాడు.

ఆఫీసు గదిలో నేల మీద మరక ఇంకా అలాగే ఉంది. గోడ వారన తుపాకీల బీరువా. పక్క గోడకి తలుపు, ఆ తలుపు తీస్తే కోచ్ వర్క్‌షాపు. ఈ గదికీ ఆ గదికీ మధ్య బయటికి అడుగు పెట్టే పనే లేదు.

"కావాలని వచ్చి చంపలేదు" అంది డిటెక్టివ్ గుమ్మంలో నిలబడి. "మాటా మాటా పెరిగింది. చేతికందిన క్లబ్ తుపాకీ తీశారు. పేలాక భయం పట్టుకుంది. పక్క గదిలో ఆ అమ్మాయి స్టాక్ ఉందని గుర్తొచ్చింది. పొద్దున ఆ అమ్మాయి అరుపులు అందరూ విన్నారని కూడా గుర్తొచ్చింది."

"ఊహ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఊహే. అందుకే వచ్చాం."

వర్క్‌షాపులో చెక్కపొడి వాసన, నూనె వాసన. చెక్కని కదలకుండా పట్టుకోవడానికి బల్లకి బిగించిన వైస్, ఆకురాళ్ళు, ఉలులు అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక్కటే చోటు తప్పి బల్ల మీద అడ్డంగా పడి ఉంది. స్టాక్ విప్పాలంటే అదే కావాలి. ప్యాడ్ తీసేస్తే వెనక చెక్కలో బొక్క ఉంటుంది. అందులోంచి దీన్ని లోపలిదాకా దించి బోల్టు తిప్పితే చెక్క చేతిలోకి వస్తుంది. స్టాకులు ఆరబెట్టే బీరువా తలుపు తెరిచి ఉంది. లోపల ఖాళీ కొక్కెం కింద అట్టముక్క మీద పెన్సిల్‌తో "ఛాంపియన్" అని రాసి ఉంది. ఎవరిదని వెతుక్కోవాల్సిన పనే లేదు.

గోడ పొడుగునా పాత స్టాకులు మేకులకి వేలాడుతున్నాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్నిటికి పగుళ్ళు. రేంజ్‌లో తుపాకులు మారినప్పుడల్లా మిగిలిపోయినవన్నీ అక్కడే చేరినట్టున్నాయి.

"ఇన్నిట్లో ఏదని పట్టుకుంటాం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అన్నీ ల్యాబుకి పంపితే ఏడాది పడుతుంది."

"చెక్క చూడకు. ప్యాడ్లు చూడు."

అతనికి వెంటనే అర్థమైంది. ఆ చురుకుదనం వల్లే ఒకప్పుడు అతనంటే ఆవిడకి ఇష్టం. చెరో వైపు నుంచి మొదలుపెట్టారు. ఒక్కో ప్యాడ్‌నీ వేలితో నొక్కి చూస్తూ వెళ్ళారు. గాట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తోంది. రబ్బరు పెదవులు మూసుకున్నట్టు మూసుకుని ఉంది. కోచ్ చెయ్యి అలాంటిది.

"మేడమ్."

ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది. మధ్య వరసలో, రెండు పెద్ద స్టాకుల వెనక ఇరికించినట్టు ఒకటి వేలాడుతోంది. దాని ప్యాడ్ మీద రెండు చోట్లా రబ్బరు చీలికలు పైకి లేచి ఉన్నాయి.

గ్లవ్స్ వేసుకుని కిందకి దించారు. చెక్క పైన తళతళా మెరుస్తోంది. ఎవరో గుడ్డతో బాగా తుడిచినట్టుంది. డిటెక్టివ్ ముందు కొసని, ఇనుములోకి దూరే చోటుని, వెలుతురుకి తిప్పింది. అక్కడ చెక్కకి పాలిష్ ఉండదు. పచ్చి చెక్క, ఏది పడినా పీల్చేసుకుంటుంది. అంచు వెంబడి సన్నని గోధుమరంగు. పైన ఎంత తుడిచినా, అతుకు సందులోకి దిగి లోపలికి ఇంకిపోయిన రక్తాన్ని ఎవరూ తుడవలేకపోయారు.

"మిగతా సగం" అంది.

ఇన్‌స్పెక్టర్ బల్లకి ఆనుకున్నాడు. నుదురు రుద్దుకున్నాడు. ఓడిపోవడం అతనికి అలవాటు లేదు. ఇంకో దారి వెతుక్కున్నాడు.

"దీని పొడుగు చూడండి. ప్యాడ్ కింద రెండు ప్లాస్టిక్ పలకలు కూడా వేసి పొడిగించారు. పొడుగాటి చేతులవాడికి సరిపోతుంది. అంటే కోచ్‌కి. ఈ స్టాక్‌తో పేల్చి ఉంటే అతని ముక్కు పగిలేది కాదు. మళ్ళీ మొదటికే వచ్చాం. పేల్చింది అతనే. తర్వాత స్టాక్ మార్చాడు."

"ఎవరి మీదకి నెట్టడానికి? తను పెంచిన పిల్ల మీదకి నెట్టేసి, వెంటనే తనే లొంగిపోయాడా? ఆ చింపుడు ఆయన చెయ్యేనా? ఈ గోడ మీద ఆయన పని చూశావుగా?"

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూసి తల అడ్డంగా తిప్పాడు.

"తుపాకులతో బతికేవాళ్ళెవరూ ప్యాడ్‌ని అలా చింపరు" అంది డిటెక్టివ్. "ఇది చూసి నేర్చుకున్నవాడి పని. చేసి నేర్చుకున్నవాడిది కాదు. కోచ్ స్టాకులు విప్పుతుంటే పక్కన నిలబడి చూసినవాడు. షూటర్ కాదు. అలాంటివాడు ఇంత పొడుగు స్టాక్ కంగారుగా ఎత్తి పేలిస్తే ఏమవుతుందో తెలుసా? దీని వెనక కొస భుజం గూట్లో కుదరదు. జారి ఇక్కడికి వస్తుంది." తన కుడి జబ్బ మీద, భుజానికి కాస్త దిగువన అరిచెయ్యి పెట్టి చూపించింది. "ప్యాడ్ ఎంత మెత్తనిదైనా అక్కడ తంతే కండ కమిలిపోతుంది. రెండు మూడు రోజులు చెయ్యి పైకి లేవదు. మనం వెతకాల్సింది అలాంటి జబ్బ కోసం."

ఆవిడ ఇన్‌స్పెక్టర్ మొహం చూసి ఆగిపోయింది. అది రక్తమంతా దిగిపోయినట్టు పాలిపోయింది.

"ఏమైంది?"

"పొద్దున ఓనర్ తమ్ముడి స్టేట్‌మెంట్ తీసుకున్నాను" అన్నాడు నెమ్మదిగా. "టీ ఇస్తే ఎడమ చేత్తో పట్టుకున్నాడు. సంతకం కూడా ఎడమ చేత్తోనే గీకాడు. ఎడమ చేతివాటమా అని అడిగాను, ఊరికే. కాదు సార్, అన్నయ్యని ఎత్తి కూర్చోబెట్టబోయాను, జబ్బ పట్టేసింది అన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. నేనే ఓదార్చాను."

"అన్నయ్యని ఎత్తాడా?"

"శవాన్ని ఎవరూ ముట్టుకోలేదు మేడమ్. పడ్డది పడ్డట్టే ఉంది. ఫొటోలు నేనే తీయించాను. అతను మా వెనకాల వచ్చాడు, ఊళ్ళోంచి పరిగెత్తుకొచ్చానన్నాడు. గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. తెల్ల చొక్కా, ఒక్క మరక లేదు." అతను గోడని గుద్దాడు. "అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేరం ఒప్పుకున్నవాడు చేతిలో ఉన్నాడని మిగతాదేమీ బుర్రకెక్కలేదు."

"అతను తుపాకీ కాలుస్తాడా?"

"ముట్టుకోడు. రేంజ్ వ్యవహారాలు చూస్తాడంతే. రోజంతా ఈ రెండు గదుల్లోనే ఉంటాడు. పొట్టి మనిషి. అన్నకి పిల్లల్లేరు, ఇదంతా ఇప్పుడు అతనిదే." ఒక్కసారిగా తలెత్తాడు. "నేనే ఫోన్ చేసి చెప్పాను."

"ఏమని చెప్పావో గుర్తుందా?"

"ముసలాయన అబద్ధం ఆడుతున్నాడని. పిల్లని తీసుకొస్తున్నామని."

డిటెక్టివ్ స్టాక్‌ని బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి వచ్చి నోరు విప్పితే, ప్యాడ్లు ఎలా బిగిస్తారో చెబుతుంది. తన స్టాక్ ఎవరు తీశారని అడుగుతుంది. నిన్న ఆ సమయానికి ఎవరెవరితో ఉందో చెబుతుంది. ఆ పిల్ల నోరు విప్పకుండా ఉంటేనే అతనికి బతుకు.

"కానిస్టేబుల్‌కి చెయ్యి."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే చేస్తున్నాడు. మాట్లాడి, ఫోన్ దించాడు. "బస్సు దొరక్క వాడు ఇప్పుడే చేరాడట ఇంటికి. అమ్మాయి లేదంటున్నాడు. తల్లి ఉంది."

"ఆవిడకి ఇమ్మను."

ఫోన్ ఆవిడ చేతికి వచ్చింది. అవతల కోచ్ చెల్లెలి గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతులో, నిన్నటి నుంచి మొదటిసారి, కాస్త తేరుకున్న ఛాయ వినిపించింది.

"అమ్మా, మీకే చేద్దామనుకుంటున్నాను. చనిపోయినాయన తమ్ముడు వచ్చాడమ్మా ఇంటికి. సొంత అన్న పోయిన దుఃఖంలో ఉండి కూడా మా గురించి ఆలోచించాడు. మీ అన్నయ్య నిర్దోషి అని నాకు తెలుసమ్మా, పెద్ద లాయరు ఉన్నాడు, పిల్ల వచ్చి ఒక్క మాట చెబితే రేపటికల్లా వదిలేస్తారు అన్నాడు. అది చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తింది మామయ్య కోసం."

"ఎంతసేపైంది?"

"అరగంట అయ్యుంటుంది. పోలీసు వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు."

"ఏ లాయరు? ఎక్కడ?"

"పేరు చెప్పలేదమ్మా. ఎందుకు, ఏమైంది?"

"అమ్మాయి ఫోన్ నంబరు చెప్పు."

"ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళింది. పోలీసులు దాన్నిబట్టి పట్టుకుంటారు, లాయరుతో మాట్లాడేదాకా వద్దన్నాడు." గొంతులో కలవరం మొదలైంది. "అమ్మా, మంచివాడే కదా? నాకైతే దేవుడిలా కనబడ్డాడు."

డిటెక్టివ్ కళ్ళు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి, జీపు తాళాలు గుప్పిట్లో బిగించి, ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"చెల్లీ, నేను అడిగినదానికి బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. వెళ్ళేటప్పుడు అమ్మాయి ఏమైనా పట్టుకెళ్ళిందా?"

"దాని తుపాకీ. లాయరు చూడాలన్నాడట. బీరువాలోంచి నేనే తీసిచ్చాను." ఒక్క క్షణం ఆగింది. "తూటాలు కూడా తెమ్మన్నాడు. ఎన్ని తేవాలండీ అని పిల్ల అడిగితే, ఒక్కటి చాలన్నాడమ్మా."